ఆర్కైవ్స్ పేజీ నడిపేవాళ్ళు ఒకసారి ఇటు రండి: ఏం పెట్టాలి, ఎలా పెట్టాలి?

నీలిసిరా
సోమవారం, ఉదయం 9:12

అందరికీ నమస్కారం. నేను పాత రికార్డులు భద్రపరిచే ఒక చిన్న ఆర్కైవ్స్‌లో పనిచేస్తున్నాను. సిబ్బంది అంటే నేనొక్కదాన్నే. పెట్టెలు సర్దేదీ నేనే, కేటలాగ్ రాసేదీ నేనే, చదువుకోవడానికి వచ్చినవాళ్ళకి ఫైళ్ళు తెచ్చిచ్చేదీ నేనే. ఆరు నెలల కిందట పైవాళ్ళు పిలిచి, మన దగ్గర ఏముందో బయటివాళ్ళకి తెలియడం లేదు, సోషల్ మీడియాలో పేజీ పెట్టమన్నారు. నాకూ నచ్చిన మాటే. ఏళ్ళ తరబడి అట్టపెట్టెల్లో ఉండిపోయిన కాగితాలను నలుగురూ చూస్తారంటే ఎవరికి ఇష్టం ఉండదు?

అప్పటినుంచి రోజుకొక పాత ఫోటో పెడుతున్నాను. కింద సంవత్సరం, ఒక ముక్క వివరం. పది లైకులు వస్తాయి, "బాగుంది" అని ఒక కామెంట్ వస్తుంది, అంతే. ఆ ఫోటో చూసి రీడింగ్ రూమ్‌కి వచ్చినవాళ్ళు ఇప్పటికి ఒక్కరూ లేరు. నెలాఖరుకి ఫాలోయర్ల లెక్క రిపోర్టులో రాయాలి. అదొక టెన్షన్.

రెండు ప్రశ్నలు. ఒకటి, ఏం పెడితే జనం ఫోటో దగ్గర ఆగిపోకుండా అసలు రికార్డు దాకా వస్తారు? రెండు, ఇదే పని చేసే మిగతావాళ్ళని ఎలా పట్టుకోవాలి? అనుమానం వస్తే అడగడానికి నా పక్క కుర్చీలో ఎవరూ లేరు.

అట్టపెట్టె
సోమవారం, ఉదయం 10:05

నీలిసిరా గారూ, మొదటి ఏడాది మేమూ అచ్చం ఇదే చేశాం. సంవత్సరం రాసి ఫోటో పెడితే చూసేవాళ్ళకి దానితో చేయడానికి ఏమీ ఉండదు. చూస్తారు, వెళ్ళిపోతారు.

ఇప్పుడు నేను ఏదైనా పెట్టేముందు, ఈ కాగితంలో నా చెయ్యి ఎక్కడ ఆగింది అని చూసుకుంటాను. ఆ ఒక్కటే చెప్తాను. ఒకసారి ఒక హాజరు పుస్తకం పెట్టాలనుకున్నాం. పేజీ మొత్తం పెట్టలేదు. ఒక వరుసలో పదకొండు రోజులు గడులు ఖాళీ, పన్నెండో రోజు నుంచి అదే వరుసలో వేరే చేతిరాత. పేరున్న వైపు కప్పేసి ఆ గడులు మాత్రం దగ్గరగా చూపించి, ఇక్కడ ఏం జరిగి ఉంటుందని అడిగాం. తర్వాతి పోస్టులో అదే పుస్తకంలో దానికి జవాబు ఏ పేజీలో ఉందో చెప్పాం. ఆ పుస్తకం చూస్తామని ఆ వారంలోనే ఇద్దరు వచ్చారు.

బయటి ఉదాహరణ కావాలంటే ఇంగ్లాండ్‌లో రెడింగ్ అనే ఊరి యూనివర్సిటీ వాళ్ళ మ్యూజియం ఆఫ్ ఇంగ్లిష్ రూరల్ లైఫ్‌ని చూడండి. 2018 ఏప్రిల్‌లో వాళ్ళ సేకరణలోంచి ఒక భారీ పొట్టేలు ఫోటో ట్విట్టర్లో పెట్టారు. ఎప్పుడో 1962లో తీసింది. దాని ఆకారం గురించి ఒక చిన్న మాట, అంతే. ప్రపంచమంతా తిరిగింది. నాకు నచ్చింది అది కాదు. ఆ గోల తగ్గకముందే వాళ్ళు పల్లె బతుకు గురించి, పశువుల పెంపకం గురించి తమ దగ్గరున్న మిగతావి చెప్పడం మొదలుపెట్టారు. చూడ్డానికి వచ్చినవాళ్ళు నిలబడ్డారు.

పాత_రిజిస్టర్
సోమవారం, మధ్యాహ్నం 12:30

ముప్పై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నవాణ్ణి. నా భయం కూడా చెప్పనివ్వండి.

రికార్డుకి అర్థం వచ్చేది దాని పక్కనున్న రికార్డు వల్ల. ఒక ఫైల్లో ఒక ఉత్తరం ఉందంటే, అది ఏ అర్జీకి జవాబుగా వెళ్ళింది, దాని వెనక ఏ నోటు వచ్చింది అన్నది చూస్తేనే అది మనకు ఏదైనా చెబుతుంది. ఎక్కడినుంచి వచ్చిన కాగితాలను అక్కడివిగానే కలిపి ఉంచాలి, విషయాన్ని బట్టి విడగొట్టి కలగాపులగం చేయకూడదు అని ఫ్రాన్స్‌లో 1841లోనే సర్క్యులర్ ఇచ్చారు. మన వృత్తి అంతా ఆ సూత్రం మీద నిలబడి ఉంది. ఇప్పుడు మనమే ఒక కాగితాన్ని పెట్టెలోంచి తీసి, చుట్టుపక్కల ఏముందో చెప్పకుండా లోకం మీదికి వదులుతున్నాం. అది మూడు చేతులు మారేసరికి ఎక్కడిదో, ఎప్పటిదో, ఎవరిదో తెలియని బొమ్మ అవుతుంది. నాలుగో చేతిలో దానికి తప్పుడు కథ అంటుకుంటుంది. అలా తప్పుడు కథతో తిరిగి మా దగ్గరికే వచ్చిన ఫోటోలు నేను చూశాను. అందులో ఒకటి మా పెట్టెలోదే. ఆ రోజు నాకు నిద్ర పట్టలేదు.

పెట్టవద్దని అనడం లేదు. కానీ ప్రతి పోస్టులోనూ రిఫరెన్స్ నంబర్ ఉండాలి. ఏ సేకరణ, ఏ పెట్టె, ఏ ఫైలు. నంబర్ లేకుండా పెట్టడమంటే చిరునామా రాయకుండా ఉత్తరం పోస్టు చేయడమే.

నీలిసిరా
సోమవారం, మధ్యాహ్నం 12:48

సార్, నేను ఇంతవరకు ఒక్క పోస్టులోనూ నంబర్ రాయలేదు. అంకెలు, అడ్డగీతలు చూసి జనం బెదిరిపోతారేమో అనుకున్నాను. ఈ సాయంత్రం పాత పోస్టులన్నీ తీసి నంబర్లు చేరుస్తాను.

మెటాడేటా_మిత్రుడు
సోమవారం, మధ్యాహ్నం 2:20

చేర్చండి. కామెంట్‌లో కాదు, అసలు పోస్టు రాతలోనే, చివరి వరుసలో. వీలైతే ఫోటో కింద సన్నని పట్టీలా సంస్థ పేరు, నంబర్ కూడా అచ్చు వేయండి. ఎందుకంటే ఫోటోని ఎవరో సేవ్ చేసుకుని వేరే చోట పెట్టినప్పుడు మీ రాత దానితో వెళ్ళదు. స్కాన్ చేసేటప్పుడు ఫైల్ లోపల మనం కష్టపడి నింపిన వివరాలు ఉంటాయి కదా, చాలా వేదికలు అప్‌లోడ్ చేసేటప్పుడే వాటిని తీసేస్తాయి. బొమ్మను కూడా కుదిస్తాయి.

అందుకే ఇంకో మాట. పేజీలో ఉంది కదా అని దాన్ని కాపీగా లెక్కపెట్టకండి. అసలు స్కాన్ టిఫ్ రూపంలో, అంటే నాణ్యత తగ్గని పెద్ద ఫైల్‌గా, మీ దగ్గర, రెండు వేర్వేరు చోట్ల ఉండాలి. పేజీకి వెళ్ళేది దానిలోంచి కుదించి తీసిన చిన్న జెపెగ్ ఫైల్ మాత్రమే.

ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టు కింద లింకు రాసినా నొక్కితే తెరుచుకోదు. అక్కడ నంబరే దారి. కేటలాగ్ వెతుకులాట పెట్టెలో ఆ నంబర్ కొడితే నేరుగా ఆ రికార్డే వచ్చేలా ఉందో లేదో ముందు మీరే ప్రయత్నించి చూడండి. మా దగ్గర అడ్డగీత ఉంటే ఏమీ దొరికేది కాదు. బయటివాళ్ళు ఫిర్యాదు చేసేదాకా మాకు తెలియలేదు.

చూపు సరిగా లేనివాళ్ళ కోసం బొమ్మ వివరణ పెట్టే గడి ప్రతి చోటా ఉంది, అది ఖాళీగా వదలకండి. చేతిరాత కాగితమైతే అందులో ఉన్న మాటలే అక్కడ టైప్ చేయండి.

చిత్రశాల
సోమవారం, సాయంత్రం 5:15

ఇంతవరకు మన దగ్గరనుంచి బయటికి వెళ్ళేదాని గురించే మాట్లాడుకున్నాం. బయటినుంచి లోపలికి వచ్చేదాని గురించి నేను చెప్తాను, నాకు అదే ముఖ్యం.

2008 జనవరి 16న అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, ఫోటోలు పంచుకునే ఫ్లికర్ వెబ్‌సైట్‌తో కలిసి ఫ్లికర్ కామన్స్ మొదలుపెట్టింది. సుమారు 3,000 ఫోటోలు పెట్టారు. కాపీరైట్ అడ్డంకి ఉన్నట్టు తమకు తెలియదని రాసి, చూసినవాళ్ళను తమకు తెలిసింది చెప్పమన్నారు. జనం చెప్పారు. ఇది ఫలానా వీధి మూల, వెనకున్న భవనం ఈ ఏడాది కూలింది కాబట్టి ఫోటో అంతకుముందుది, ఈ మనిషి ఫలానా అంటూ పాత పత్రికల నుంచి ఆధారాలు తెచ్చి పెట్టారు. లైబ్రరీ వాళ్ళు ఊరికే ధన్యవాదాలు చెప్పి ఊరుకోలేదు. సరిచూసి, మొదటి ఏడాదిలోనే 500కి పైగా కేటలాగ్ వివరాలను సరిదిద్దారు. నేను ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చినప్పుడు ఆ సంగతి చదివి కదిలిపోయాను. అంత పెద్ద సంస్థ, మాకు తెలియదు, మీరు చెప్పండి అని అడిగింది.

ఆ ఏడాది డిసెంబరులోనే జర్మనీ జాతీయ ఆర్కైవ్స్ 80,000కి పైగా ఫోటోలను వికీపీడియాకి బొమ్మలు అందించే వికీమీడియా కామన్స్‌కి ఇచ్చింది. వాటి కింద ఉన్నవి చాలావరకు అప్పటి రాతలే. కొన్నిటిలో తప్పులు, కొన్నిటిలో యుద్ధకాలపు ప్రచార భాష. అవి కూడా చరిత్రే కాబట్టి తీసేయలేదు, అలాగే ఉంచి, తప్పులు చెప్పడానికి వేరే చోటు పెట్టారు. పాతది చెరపకుండా కొత్తది చేర్చే పద్ధతి అది.

మా దగ్గర ఒక మామూలు ఎక్సెల్ షీట్ ఉంది. తేదీ, రికార్డు నంబర్, ఎవరు ఏం చెప్పారు, ఆధారం ఏమిటి, సరిచూశామా, కేటలాగ్‌లో ఎక్కించామా. ఆరు గడులు, అంతే. ఆ షీట్ మొదలుపెట్టకముందు రెండేళ్ళు కామెంట్లలో వచ్చిన సమాచారమంతా కిందికి జారిపోయింది. ఇప్పుడు వెతికినా దొరకదు. ఒక పెద్దాయన తన తండ్రి పక్కన నిలబడ్డవాళ్ళ పేర్లు వరుసగా తొమ్మిది రాశారు. నేను చదివాను, ఒక లైక్ కొట్టాను. ఎక్కడా రాసుకోలేదు. ఆ పేర్లు ఇప్పుడు నాకు గుర్తులేవు, ఆ పెద్దాయన ఖాతా కూడా లేదు.

పాత_రిజిస్టర్
సోమవారం, రాత్రి 8:02

చిత్రశాల గారూ, మీ బాధ అర్థమైంది. కానీ నీలిసిరా గారు ఒక్కరే ఉన్నారు. వందమంది వంద చెబితే ఎవరు సరిచూస్తారు? జ్ఞాపకం కూడా తప్పుతుంది. తన తాతగారని నమ్మి చెప్పేవాళ్ళు అబద్ధం చెప్పరు, కానీ ఆ ఫోటోలో ఉన్నది తాతగారు కాకపోవచ్చు.

చిత్రశాల
సోమవారం, రాత్రి 8:31

నిజమే సార్. అందుకే నేరుగా శీర్షికలో మార్చం. కేటలాగ్‌లో నోట్ అనే గడిలో "ఫలానా నెలలో పేజీ చూసిన ఒకరు ఇచ్చిన సమాచారం, ఇంకా సరిచూడలేదు" అని రాసి ఉంచుతాం. ఆధారం దొరికినప్పుడు పైకి ఎక్కిస్తాం. అలా రాసి పెడితే రేపు వచ్చే పరిశోధకుడికి కనీసం ఒక కొస దొరుకుతుంది. రాయకపోతే అదీ ఉండదు.

ఇంకోటి, రోజూ పెట్టాల్సిన పని లేదు. వారానికి ఒకటి పెట్టి, వచ్చిన ప్రతి మాటకీ జవాబు ఇస్తే చాలు. ఒక్కరే ఉన్నచోట అదే మేలు.

కొత్త_ఇంటర్న్
మంగళవారం, ఉదయం 8:40

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నేను ఈ పని నేర్చుకుంటున్నాను. పోయిన వారం మా పేజీలో పాత దస్తావేజు తెరుస్తున్న వీడియో పెట్టాను. వచ్చిన కామెంట్లలో సగం "చేతికి తొడుగులు ఏవి? ఇంత అజాగ్రత్తా?" అని. నేను తప్పు చేశానా? చాలా భయం వేసింది. వీడియో తీసేశాను.

కాగితం_మరమ్మతు
మంగళవారం, ఉదయం 9:25

తప్పు చేయలేదమ్మా. తీసేయాల్సిన పని లేదు.

నేను కాగితాలు బాగుచేసే పనిలో ఉన్నాను. మామూలు కాగితం, తోలు పత్రం పట్టుకోవడానికి శుభ్రంగా కడిగి తుడుచుకున్న చేతులే మంచివి. నూలు తొడుగు వేసుకుంటే వేళ్ళకి స్పర్శ తెలియదు. పేజీ అంచు ఎంత పెళుసుగా ఉందో తెలియక చింపేస్తాం. నూలు పోగులు చీలిన అంచులకి తగులుకుంటాయి. పైగా తొడుగు మురికిని ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి మోస్తుంది. బ్రిటిష్ లైబ్రరీ కూడా ఇదే చెబుతుంది. తొడుగులు కావలసినవి ఫోటోలకి, నెగటివ్‌లకి, లోహపు వస్తువులకి. వేలిముద్రలో ఉండే నూనె, ఉప్పు ఫోటో పొరని తినేస్తాయి. అక్కడ నైట్రైల్ అనే సన్నని రబ్బరు తొడుగులు వాడతాం.

ఆ వీడియో మళ్ళీ పెట్టండి. మొదటి కామెంట్‌గా ఈ కారణం మీరే రాసి పైన అతికించండి. తిట్టడానికి వచ్చినవాళ్ళు కూడా కాగితం మీద ప్రేమతోనే వచ్చారు, సినిమాల్లో తెల్ల తొడుగులు చూసి అదే పద్ధతి అనుకున్నారు. మా పేజీలో అన్నిటికంటే ఎక్కువమంది చదివింది చేతులు ఎందుకు కడుక్కుంటాం అన్న పోస్టు.

కొత్త_ఇంటర్న్
మంగళవారం, ఉదయం 9:31

చాలా ధన్యవాదాలు మేడమ్. ఇప్పుడే మళ్ళీ పెడుతున్నాను.

తెరచాటు
మంగళవారం, మధ్యాహ్నం 3:10

నేను చెప్పేది అంత తేలిక విషయం కాదు. ఇంతకుముందు పనిచేసిన చోట, పేరు చెప్పను, నా చేతులతో జరిగిన పొరపాటు.

ఒక కుటుంబం అప్పగించిన కాగితాల్లో సాయం అడుగుతూ రాసిన ఉత్తరం ఒకటి ఉంది. భర్తకి మానసిక జబ్బు, ఇల్లు గడవడం లేదు. చదువుతుంటే కళ్ళు తడిశాయి. యాభై ఏళ్ళ పైబడినది కదా అని పూర్తిగా, పేర్లతో సహా పెట్టేశాను. వేలమంది పంచుకున్నారు. మూడో రోజు ఆ ఇంటి మనవరాలు మెసేజ్ పెట్టారు. ఆ సంగతి వాళ్ళ ఇంట్లో పిల్లలకి ఎవరికీ తెలియదట. ఆమె తిట్టలేదు. "మా అమ్మ ఇంకా బతికే ఉంది, ఆమె ఫోన్‌లో ఇది చూసింది" అని మాత్రం రాశారు. వెంటనే తీసేశాం. మేం తీసేసినా అప్పటికే పంచుకున్నవాళ్ళ దగ్గర ఉండిపోయింది.

ఆ ఉత్తరం రీడింగ్ రూమ్‌లో ఎవరైనా చదువుకోవచ్చు, నిషేధం ఏమీ లేదు. కానీ సంతకం పెట్టి లోపలికి వచ్చి చదవడం వేరు, భోజనం చేస్తూ ఫోన్ చూస్తున్న మనిషి ముందు తన తల్లి కన్నీళ్ళు హఠాత్తుగా ప్రత్యక్షం కావడం వేరు. అంతర్జాతీయ ఆర్కైవ్స్ మండలి 1996లో ఆమోదించిన నియమావళి, అందరికీ అందుబాటు, వ్యక్తుల గోప్యత రెండిటినీ గౌరవించమంటుంది. పరీక్ష కోసం చదివినప్పుడు అది ఒక వాక్యం. ఆ మెసేజ్ చదివాక అర్థమైంది.

అప్పటినుంచి పెట్టేముందు చూసుకునేవి: ఇందులో బతికున్నవాళ్ళు ఉండే అవకాశం ఉందా, జబ్బు, కేసు, అప్పు, దత్తత లాంటివి ఉన్నాయా, ఇచ్చిన కుటుంబాన్ని అడిగామా. కాపీరైట్ కూడా. కాగితం మన అల్మరాలో ఉన్నంత మాత్రాన అందులోని మాటల మీద హక్కు మనది కాదు. ఉత్తరం అందుకున్నవాళ్ళు మనకి ఇచ్చినా, హక్కు రాసినవాళ్ళది, వాళ్ళ తర్వాత వారసులది.

ఆస్ట్రేలియాలో ఆర్కైవ్స్ వాళ్ళు అక్కడి ఆదివాసుల రికార్డులు చూపించేముందు, ఇందులో చనిపోయినవాళ్ళ పేర్లు, బొమ్మలు ఉండవచ్చని హెచ్చరిక పెడతారు. చాలా సముదాయాల్లో అవి చూడటం బాధ కలిగించే విషయం. రికార్డు ఎవరి గురించో వాళ్ళు కూడా చూసేవాళ్ళలో ఉంటారని గుర్తుపెట్టుకునే పద్ధతి అది. నాకు అప్పుడు ఆ గుర్తు లేదు.

అట్టపెట్టె
మంగళవారం, మధ్యాహ్నం 3:44

ఇది రాసినందుకు ధన్యవాదాలండి. ఆ మూడు ప్రశ్నలు ప్రింట్ తీసి స్కానర్ మీద అతికించాను.

ఒంటరి_పెట్టె
మంగళవారం, రాత్రి 9:20

నీలిసిరా గారి రెండో ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. నేనూ ఒక్కణ్ణే పనిచేస్తాను కాబట్టి అది నా ప్రశ్న కూడా.

మనలాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారంటే, సొసైటీ ఆఫ్ అమెరికన్ ఆర్కైవిస్ట్స్‌లో ఒంటరిగా ఆర్కైవ్స్ నడిపేవాళ్ళకి ప్రత్యేకంగా ఒక విభాగమే ఉంది. ఈ సంగతి తెలిసిన రోజు నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

నా కథ చెప్తాను. ఒక రోజు ఫిల్మ్ డబ్బా తెరిస్తే గుప్పున వెనిగర్ వాసన. ఏమిటో తెలియదు, అడగడానికి ఎవరూ లేరు. డబ్బా ఫోటో తీసి, ఆర్కైవ్స్ వాళ్ళు వాడే హ్యాష్‌ట్యాగ్ తగిలించి, పుల్లటి వాసన వస్తోంది, ఏం చేయాలి అని రాశాను. గంటలోపే ముక్కూమొహం తెలియని ముగ్గురు జవాబిచ్చారు. అసిటేట్ ఫిల్మ్ పాడవుతున్నప్పుడు అసిటిక్ ఆమ్లం విడుదల అవుతుంది, ఆ ఆమ్లమే మిగతా ఫిల్మ్‌ని ఇంకా వేగంగా పాడుచేస్తుంది, ముందు ఆ డబ్బాని మిగతావాటి నుంచి వేరుచేయి అన్నారు. ఎంతవరకు పాడైందో తెలుసుకోవడానికి డబ్బాలో పెట్టే కాగితపు పట్టీలు ఉంటాయని, అవి నీలం నుంచి ఆకుపచ్చకి, పసుపుకి మారతాయని చెప్పారు. చల్లని, పొడి చోట పెడితే నెమ్మదిస్తుంది తప్ప ఆగదు, పసుపుకి వచ్చినవి ముందు డిజిటైజ్ చేయమన్నారు. నేను మొత్తం 46 డబ్బాలు చూశాను. తొమ్మిది పసుపు. ఆ తొమ్మిదీ ఇప్పుడు డిజిటైజ్ అయ్యాయి. ఆ ముగ్గురిలో ఒకరితో ఈరోజుకీ వారానికోసారి మాట్లాడుకుంటాం.

కాబట్టి సంస్థ పేజీ ఒకటి, మీ సొంత వృత్తి ఖాతా ఒకటి, రెండూ వేరుగా ఉంచుకోండి. "నాకు ఇది తెలియదు" అని సంస్థ పేజీలో రాయలేం, సొంత ఖాతాలో రాయగలం.

కలిసే రోజులు కూడా ఉన్నాయి. అంతర్జాతీయ ఆర్కైవ్స్ మండలి 1948 జూన్ 9న ఏర్పడింది, అందుకే జూన్ 9 అంతర్జాతీయ ఆర్కైవ్స్ దినం. అక్టోబరులో ఆస్క్ యాన్ ఆర్కైవిస్ట్ డే అని వస్తుంది, ఆ రోజు ఎవరైనా ఏదైనా అడగవచ్చు. నవంబరు మొదటి గురువారం ప్రపంచ డిజిటల్ ప్రిజర్వేషన్ డే, అంటే డిజిటల్ ఫైళ్ళను కాపాడే పనికి కేటాయించిన రోజు. ఏప్రిల్‌లో స్కాట్లాండ్ వాళ్ళు మొదలుపెట్టిన ఆర్కైవ్30, రోజుకొక అంశం చొప్పున ముప్పై రోజులు. ఒక్కరే ఉన్నవాళ్ళు ముప్పై రోజులూ చేయాలని చూడకండి, నేను చేసి మేలో మంచం పట్టాను. మీ పెట్టెలకి సరిపోయే రెండు రోజులు ఎంచుకుని, ఆ రెండు రోజులూ మిగతావాళ్ళ పోస్టుల కింద మాట్లాడండి. పరిచయాలు మన పోస్టుల కింద కంటే అక్కడే ఎక్కువ ఏర్పడతాయి.

మెటాడేటా_మిత్రుడు
బుధవారం, ఉదయం 11:00

ఒంటరి_పెట్టె గారి మాటకి ఒక జాగ్రత్త చేరుస్తాను. ఆ పరిచయాలన్నీ ఒకే వేదిక మీద ఉంచుకోకండి. జియోసిటీస్ 2009లో, గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో, యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరులో, ఇలా ఎన్నో వెబ్ వేదికలు మూతబడ్డాయి. ఎన్నో వృత్తి బృందాల సంభాషణలు వాటితో పోయాయి. 2022 చివర్లో ట్విట్టర్ చేతులు మారినప్పుడు మనవాళ్ళు చెల్లాచెదురయ్యారు. కొందరు మాస్టడాన్ అనే మరో సోషల్ మీడియా వేదికకి వెళ్ళారు, అక్కడ డిజిటల్ ప్రిజర్వేషన్ వాళ్ళకి డిజిప్రెస్ డాట్ క్లబ్ అని సొంత సర్వరే ఉంది. కొందరు ఎటు పోయారో తెలియదు. నాకు పదేళ్ళ నుంచి తెలిసినవాళ్ళలో సగం మంది ఈమెయిల్ నా దగ్గర లేదని అప్పుడు చూసుకున్నాను.

లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ అంతటిది 2010లో ట్వీట్లన్నీ భద్రపరుస్తామని చెప్పి, 2017 చివరితో ఆపి, ఆ తర్వాత ఎంపిక చేసినవే తీసుకుంటోంది. మన పేజీని ఎవరో దాస్తారని అనుకోవడానికి లేదు. మీ సంస్థ పేజీలో మీరు రాసింది కూడా సంస్థ రికార్డే. అమెరికా జాతీయ ఆర్కైవ్స్ 2013 అక్టోబరులోనే ప్రభుత్వ శాఖల సోషల్ మీడియా రాతలను రికార్డులుగా చూడాలని మార్గదర్శకాలు ఇచ్చింది. మూడు నెలలకోసారి సెట్టింగ్స్‌లోకి వెళ్ళి మీ డేటా మొత్తం డౌన్‌లోడ్ చేసుకోండి. కామెంట్లు అందులో అన్నీ రావు, అందుకే చిత్రశాల గారి ఎక్సెల్ షీట్ తప్పనిసరి.

నీలిసిరా
బుధవారం, మధ్యాహ్నం 1:15

ఒక్కొక్కటీ నోట్ చేసుకుంటున్నాను. రిపోర్టు సంగతి కూడా చెప్పండి. ఫాలోయర్ల బదులు ఏం రాస్తే పైవాళ్ళు ఒప్పుకుంటారు?

అట్టపెట్టె
బుధవారం, మధ్యాహ్నం 1:50

బదులు వద్దు, ఆ అంకె కిందనే ఇంకో మూడు రాయండి. పేజీలో చూశామని చెప్పి రికార్డు అడిగినవాళ్ళు ఎంతమంది, కేటలాగ్‌లో ఎన్ని వివరాలు సరిదిద్దాం, పేజీ ద్వారా ఎవరైనా తమ కాగితాలు ఇస్తామని వచ్చారా. మొదటిదాని కోసం రీడింగ్ రూమ్ రిజిస్టర్లో "మా గురించి ఎలా తెలిసింది" అని ఒక గడి గీయండి. మా దగ్గర మొదటి ఏడాది ఆ మూడు అంకెలూ చిన్నవే. అయినా మీటింగ్‌లో పైవాళ్ళు మొదటిసారి ప్రశ్నలు అడిగింది వాటి గురించే.

నీలిసిరా
ఐదు వారాల తర్వాత, శుక్రవారం, సాయంత్రం 6:05

మీ అందరికీ చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

మా దగ్గర ఒక ఫోటో ఉంది. పొడవాటి గది, వరుసగా ఎత్తైన యంత్రాలు, ఒక్కో యంత్రం ముందు ఒక మనిషి. కేటలాగ్‌లో "బట్టల మిల్లు, తేదీ లేదు" అని ఉంది. వారానికి ఒకటే పెట్టాలనుకున్నాక రెండో వారం దాన్ని తీశాను. యంత్రం ఒక్కటే దగ్గరగా చూపించి, దీనిమీద పనిచేసినవాళ్ళు గానీ, చూసినవాళ్ళు గానీ ఎవరైనా ఉన్నారా అని అడిగాను. కింద నంబర్ రాశాను.

నాలుగు రోజులు ఎవరూ ఏమీ అనలేదు. ఐదో రోజు ఒక పెద్దాయన రాశారు. "ఇది మగ్గం కాదమ్మా, లైనోటైప్. కింద మీటల పలక చూడండి, తొంభై మీటలుంటాయి. పైన ఏటవాలుగా ఉన్న పెట్టెలో అక్షరాల పోత అచ్చులుంటాయి. మీట నొక్కితే అచ్చు జారి వచ్చి వరుసలో నిలబడుతుంది, ఆ వరుసలోకి కరిగిన సీసం పోస్తే అక్షరాల వరుస ఒకే ముక్కగా పోతపోసి వస్తుంది. నేను పదహారేళ్ళు దాని ముందు కూర్చున్నాను." ఫోటో పెద్దది చేసి చూశాను. మీటల పలక కనిపిస్తోంది. ఇన్నాళ్ళూ నా కళ్ళముందే ఉంది.

అది మిల్లు కాదు, అచ్చాపీసు. అక్కడితో అయిపోలేదు. పాత_రిజిస్టర్ సార్ చెప్పిన మాట గుర్తొచ్చి ఆ ఫోటో ఉన్న పెట్టె మొత్తం దించాను. అదే పెట్టెలో ఎవరివో తెలియని జీతాల పుస్తకాలు మూడు, అక్కడక్కడా దిద్దుళ్ళున్న అచ్చు కాగితాల కట్ట ఒకటి ఉన్నాయి. మిల్లుకీ వాటికీ సంబంధం లేదని ఎప్పుడో ఎవరో పెన్సిల్‌తో "ఇతరములు" అని రాసి పెట్టారు. ఆ కట్ట ప్రూఫులు, అంటే తప్పులు దిద్దడానికి తీసిన అచ్చు ప్రతులు. జీతాల పుస్తకంలో "కంపో." అని పొట్టిగా రాసిన పేర్లు కంపోజిటర్లవి, అంటే అచ్చుకి అక్షరాలు కూర్చేవాళ్ళవి. ఫోటోతో సహా అన్నీ ఒకే చోటునుంచి వచ్చాయి.

ఆ మధ్యాహ్నం పెట్టెల మధ్య నేల మీద కూర్చుండిపోయాను.

పాత_రిజిస్టర్
శుక్రవారం, సాయంత్రం 6:40

అమ్మా, చదివి చాలా సంతోషించాను. "ఇతరములు" అన్న ఆ పెన్సిల్ రాత చెరపలేదు కదా? "బట్టల మిల్లు" అన్న పాత వివరణ కూడా తేదీతో కింద ఉంచండి. పాత రాతను బట్టి ఇప్పటికే ఎవరైనా తమ పుస్తకంలో మిల్లు అని రాసి ఉంటే, తర్వాత చదివేవాళ్ళకి ఎక్కడ మారిందో తెలియాలి.

నీలిసిరా
శుక్రవారం, సాయంత్రం 6:52

చెరపలేదు సార్. రెండూ ఉంచాను. షీట్‌లో కూడా ఎక్కించాను, ఆరు గడులూ నిండాయి.

ఇంకో సంగతి. ఆ పెద్దాయన వచ్చే వారం మా దగ్గరికి వస్తానన్నారు. జీతాల పుస్తకంలో తనకు తెలిసిన పేర్లు ఉన్నాయేమో చూస్తారట. ఆయన మాటలు రికార్డు చేయాలని ఉంది. ఎప్పుడూ చేయలేదు. ఫోన్‌లో చేస్తే సరిపోతుందా? ముందుగా ఏం సిద్ధం చేసుకోవాలి?

ఒంటరి_పెట్టె
శుక్రవారం, రాత్రి 7:20

సరిపోతుంది, కానీ ధ్వనిని కుదించని వావ్ ఫైల్‌గా వచ్చే యాప్ పెట్టుకోండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. ఎంపీ3 వద్దు, అది తర్వాత కాపీగా తీసుకోవచ్చు. ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, ఫ్యాన్ ఆపండి, చిన్న కాలర్ మైక్ దొరికితే తగిలించండి. ఇంట్లో ముందురోజు పది నిమిషాలు చేసి విని చూసుకోండి.

తెరచాటు
శుక్రవారం, రాత్రి 7:34

మొదలుపెట్టకముందే అంగీకార పత్రం మీద సంతకం తీసుకోండి. ఎవరు వినవచ్చు, పేజీలో పెట్టవచ్చా, పేరు చెప్పవచ్చా అని మూడూ వేర్వేరుగా అడగండి. మొత్తం అయ్యాక ఇంకోసారి అడగండి, మాట్లాడుతూ మాట్లాడుతూ అనుకోనివి చెబుతారు. ఒద్దన్న భాగం ఉంటే నిమిషాలతో సహా రాసుకోండి.

జీతాల పుస్తకం ఆయన ముందు తెరిచి పెట్టి రికార్డర్ ఆన్ చేయండి. పేజీ తిప్పినప్పుడల్లా పేజీ నంబర్ మీరు పైకి చదవండి, తర్వాత రాసేటప్పుడు ఏ మాట ఏ పేజీ గురించో తెలుస్తుంది.